లఘులోలక ప్రయోగం: చలరాశులను గుర్తించడం, పరికల్పనను రాయడం ఎలా?

చెన్నైలో చదివే తెలుగు పిల్లలకు ఈ ప్రయోగం రెండు మూడు పేర్లతో ఎదురవుతుంది. తమిళ మాధ్యమంలో దాన్ని తని ఊసల్ అంటారు, ఇంగ్లీషు మాధ్యమంలో సింపుల్ పెండ్యులం అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల మాట లఘులోలకం. చెవులకు ఊగే లోలాకులను ఎరిగిన ఇంట్లో ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. దారానికి కట్టిన గుండు అటూ ఇటూ ఊగుతుంది, అది ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి, అంటే ఒక డోలనానికి, ఎంతసేపు పట్టిందో మనం కొలుస్తాం. ఇంతకన్నా తక్కువ సామగ్రితో అయ్యే ప్రయోగం బడిలో దాదాపు లేదనే చెప్పాలి.

అయినా రికార్డు పుస్తకంలో స్వతంత్ర చలరాశి ఏది, ఆధారిత చలరాశి ఏది, నీ పరికల్పన (ఫలితం ఎలా ఉంటుందని ముందే వేసుకునే ఊహ) ఏమిటి అని అడిగే చోటికి వచ్చేసరికి చాలామంది పిల్లలు కలం ఆపేస్తారు, లేదా ప్రయోగం అయిపోయాక పక్కవాళ్ల పుస్తకం చూసి ఆ గళ్లు నింపుతారు. నేను చదువుకున్న రోజుల్లో గురుత్వ త్వరణం, అంటే భూమి ఆకర్షణకు పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, 9.8 రావాలని మాకు ముందే తెలుసు కాబట్టి, చాలామందిమి ఆ విలువ నుంచి వెనక్కి లెక్కగట్టి సమయాలను పట్టికలో రాసేసేవాళ్లం. నేనూ అలాగే రాశాను, పూర్తి మార్కులు కూడా వచ్చాయి. దారం పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో నాకు సరిగా తెలియదన్న సంగతి చాలా ఏళ్ల తర్వాత, ఇంట్లో పిల్లలకు చెప్పబోయినప్పుడు గాని బయటపడలేదు. ఆ నష్టం ఇప్పటి పిల్లలకు జరగకూడదన్న పట్టుదలతో ఈ విషయాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ప్రశ్నను ప్రయోగానికి లొంగేలా రాయడం

‘లోలకం ఎలా పనిచేస్తుంది?’ అన్నది మంచి కుతూహలమే గాని, ఒక మధ్యాహ్నంలో దారంతో, గడియారంతో జవాబు రాబట్టగలిగిన ప్రశ్న కాదు. ‘దారం పొడవు మారితే 20 డోలనాలకు పట్టే సమయం మారుతుందా, మారితే ఎలా మారుతుంది?’ అన్నది ప్రయోగానికి లొంగే ప్రశ్న. అందులో మార్చవలసినది ఒకటి, కొలవవలసినది ఒకటి స్పష్టంగా కనబడుతున్నాయి. ప్రశ్నలో ఈ రెండూ కనబడకపోతే, చలరాశుల గళ్ల దగ్గర తప్పకుండా తడబాటు వస్తుంది. కాబట్టి ముందుకు వెళ్లకుండా ప్రశ్ననే మళ్లీ రాయడం మేలు.

రెండో మెట్టు: మారగలిగినవన్నీ కాగితం మీద పెట్టడం

లోలకాన్ని గుమ్మానికి వేలాడదీసి, స్టాప్‌వాచ్ ముట్టుకోకుండా, అయిదు నిమిషాలు ఊరికే చూడమని పిల్లలకు చెప్పండి. చూస్తూ, ఇందులో మారడానికి వీలున్నవన్నీ ఒక్కొక్కటిగా రాయమనండి. దారం పొడవు, గుండు బరువు, గుండు పరిమాణం, దాని లోహం, ఎంత దూరం లాగి వదిలాం, వదిలామా తోశామా, దారం మందం, దారం సాగుతుందా లేదా, పైన కట్టిన చోటు కదులుతోందా, కిటికీ గాలి, ఫ్యాను, ఎన్ని డోలనాలు లెక్కపెడుతున్నాం, ఎవరు లెక్కపెడుతున్నారు, ప్రయోగం ఏ ఊళ్లో జరుగుతోంది అని జాబితా సాగుతుంది. గుండు రంగు అని కూడా ఒక పిల్ల తప్పకుండా రాస్తుంది. దాన్ని నవ్వి కొట్టేయకూడదు. రంగు ఎందుకు లెక్కలోకి రాదో ఒక వాక్యంలో కారణం రాయించాలి, ఆ తర్వాతే కొట్టివేయించాలి. బరువును కూడా చివరికి కొట్టివేయవలసి వస్తుందని ఆ పిల్లకు అప్పటికి తెలియదు కదా! కళ్లకు ముఖ్యంగా కనబడినదాన్ని ఉంచి, కనబడనిదాన్ని తీసేసే అలవాటు ఇక్కడే మానాలి.

ఫ్యాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నైలో ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాను ఆపమంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అయినా ఆపక తప్పదు. తేలికైన గుండును ఆ గాలి పక్కకు తోస్తుంది. అప్పుడు తిన్నగా ఊగవలసిన గుండు కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెడుతుంది, మనం కొలిచేది ఇక లఘులోలకపు డోలనం కాకుండా పోతుంది.

మూడో మెట్టు: జాబితాను మూడుగా విడదీయడం

ఇప్పుడు ఆ జాబితాలోని ప్రతి పేరుకూ ఒక ప్రశ్న వేయాలి. దీన్ని నేను కావాలని, నా చేత్తో మారుస్తున్నానా? అయితే అది స్వతంత్ర చలరాశి. నేను మార్చినదానికి ఫలితంగా ఇది మారుతుందేమోనని కనిపెట్టి చూస్తున్నానా? అయితే అది ఆధారిత చలరాశి. ఇది మారితే నా ఫలితం చెడిపోతుంది కాబట్టి కదలనివ్వకుండా కాపలా కాస్తున్నానా? అయితే అది నియంత్రిత చలరాశి. ఒక విడతలో మొదటి గడిలో ఒకే ఒక్క పేరు ఉండాలి. రెండు పేర్లు పడితే, వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో చెప్పే దారి మూసుకుపోతుంది.

పొడవు మీద ప్రయోగం చేసే రోజు పొడవు స్వతంత్రం, బరువు నియంత్రితం. బరువు మీద ప్రయోగం చేసే రోజు అవే రెండూ స్థానాలు మార్చుకుంటాయి. అంటే స్వతంత్రం, నియంత్రితం అన్నవి ఆ వస్తువులకు పుట్టుకతో వచ్చిన పేర్లు కావు, ఆనాటి ప్రశ్న వాటికి అప్పగించిన పనులు. పరీక్షలో ‘లోలకంలో స్వతంత్ర చలరాశి ఏది?’ అని మాత్రమే అడిగితే, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ముందు రాసి, ఆ తర్వాత జవాబు రాయమని నేను పిల్లలకు చెబుతాను.

పిల్లలు ఎక్కువగా తికమకపడేవి రెండున్నాయి. ఒకటి డోలనాల సంఖ్య. 20 అని ముందే నిర్ణయించుకుని సమయాన్ని కొలిస్తే ఆ 20 మనం స్థిరంగా ఉంచినది. అలా కాకుండా 30 సెకన్లు అని సమయాన్ని స్థిరపరచి, ఆ లోపల ఎన్ని ఊగులు అయ్యాయో లెక్కపెడితే, అదే సంఖ్య ఆధారిత చలరాశి అవుతుంది. మొదటి పద్ధతే మంచిది, ఎందుకంటే రెండో పద్ధతిలో 30 సెకన్లు పూర్తయ్యేటప్పటికి గుండు ఎక్కడో మధ్యలో ఉంటుంది, ఆ ముక్కను లెక్కగట్టడం కష్టం. రెండోది గురుత్వ త్వరణం. దాన్ని మనం మార్చడమూ లేదు, నేరుగా కొలవడమూ లేదు. అది ప్రయోగం పొడవునా అక్కడే ఉండే స్థిరరాశి, పొడవునూ సమయాన్నీ కొలిచాక లెక్క ద్వారా బయటికి తీసేది. దాన్ని ఆధారిత చలరాశి గడిలో రాయకూడదు. ఆ గడిలో 20 డోలనాల సమయం గాని, దాన్ని 20తో భాగిస్తే వచ్చే ఆవర్తన కాలం గాని రాయాలి.

నాలుగో మెట్టు: ప్రతి చలరాశినీ ఎలా కొలుస్తామో రాయడం

పొడవు అంటే దారం పొడవు కాదు. పైన దారం బిగుసుకున్న బిందువు నుంచి గుండు మధ్యభాగం వరకు ఉన్న దూరమే లోలకం పొడవు. అంటే దారం పొడవుకు గుండు పైనుండే కొక్కెం ఎత్తును, గుండు వ్యాసార్ధాన్ని కలపాలి. బడిలో గుండు వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుస్తారు. ఇంట్లో అయితే గుండును రెండు లావు పుస్తకాల మధ్య బిగించి, ఆ పుస్తకాల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిచి సగం చేయవచ్చు. దారానికి గుండు కట్టి వేలాడదీసిన తర్వాతే పొడవు కొలవాలి, ఎందుకంటే బల్ల మీద పరిచి కొలిచిన దారం, గుండు బరువు పడ్డాక కొంత సాగుతుంది.

పై చివర ఇంకా ముఖ్యం. మేకుకు ముడివేసిన దారం ఊగేటప్పుడు మేకు చుట్టూ ఒరుసుకుంటూ తిరుగుతుంది, అంటే ప్రతి ఊగులోనూ పొడవు కొద్ది కొద్దిగా మారుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో నిలువునా చీల్చిన బిరడా మధ్య దారాన్ని దూర్చి స్టాండుకు బిగించేది ఇందుకే. ఇంట్లో రెండు చెక్క స్కేళ్ల మధ్య దారాన్ని పెట్టి, స్కేళ్లను గట్టిగా కట్టేస్తే సరిపోతుంది. పురిపెట్టిన నూలు దారం బరువు పడగానే పురి విప్పుకుంటూ గుండును బొంగరంలా తిప్పుతుంది కాబట్టి, సాగని సన్నటి నైలాన్ దారం వాడడం మంచిది.

సమయం విషయంలో మూడు జాగ్రత్తలు. ఒక్క డోలనాన్ని కొలవకూడదు, ఎందుకంటే స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చేతికి సుమారు సెకనులో అయిదో వంతు ఆలస్యం ఉంటుంది. రెండు సెకన్ల కొలతలో అది పెద్ద తప్పు, 40 సెకన్ల కొలతలో చిన్నది. రెండోది, గుండు చివరికి చేరినప్పుడు కాకుండా మధ్యస్థానాన్ని దాటేటప్పుడు గడియారం నొక్కాలి. చివర గుండు కాసేపు ఆగినట్టు ఉంటుంది, ఎప్పుడు తిరిగిందో కన్ను పట్టలేదు. మధ్యలో అది అన్నిటికన్నా వేగంగా వెళ్తుంది, గోడ మీద సుద్దతో గీసిన నిలువు గీతను దాటిన క్షణం తెలిసిపోతుంది.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ రికార్డులను పాడుచేసే తప్పు: గడియారం నొక్కుతూ ‘ఒకటి’ అనడం. నొక్కేటప్పుడు ‘సున్నా’ అనాలి, గుండు వెళ్లి అదే దిశలో తిరిగి గీత దాటినప్పుడు ‘ఒకటి’ అనాలి. ఒకటితో మొదలుపెట్టిన పిల్లవాడు 20 అనేసరికి అయినవి 19 డోలనాలే. మీటరు పొడవున్న లోలకానికి 20 డోలనాలకు 40.2 సెకన్లు పట్టవలసి ఉండగా, అతనికి 38.2 సెకన్లే వస్తాయి, దానితో లెక్కగడితే గురుత్వ త్వరణం 10.8 దాకా పోతుంది. ఇంత పెద్ద తప్పుకు కారణం పరికరంలో వెతికితే ఎన్నటికీ దొరకదు.

అయిదో మెట్టు: పరికల్పన

పిల్లల పుస్తకాల్లో ఈ గడిలో నాకు తరచుగా కనబడే వాక్యాలు ఇలా ఉంటాయి. ‘ఈ ప్రయోగం ద్వారా గురుత్వ త్వరణం కనుక్కుంటాం.’ ఇది ఉద్దేశం, పరికల్పన కాదు. ‘లోలకం భూమి ఆకర్షణ వల్ల ఊగుతుంది.’ ఇది నిజమే, కాని మనం కట్టిన దారం, గుండు దీన్ని అటో ఇటో తేల్చలేవు. ‘పొడవు ఆవర్తన కాలం మీద ప్రభావం చూపుతుంది.’ ఇది పరికల్పనకు దగ్గరగా వచ్చింది గాని, పెరుగుతుందో తగ్గుతుందో చెప్పలేదు కాబట్టి, ఏ ఫలితం వచ్చినా ‘అదే నేనన్నది’ అని తప్పుకోవచ్చు. పరికల్పన ఓడిపోవడానికి వీలున్న వాక్యమై ఉండాలి. ఏ రీడింగు వస్తే నేను తప్పని ఒప్పుకుంటానో ఆ వాక్యం చదివినవారికి తెలియాలి.

అందుకు పనికొచ్చే వాక్య నిర్మాణం మన భాషలో సహజంగానే ఉంది: ‘ఇది ఇలా చేస్తే అది అలా అవుతుంది, ఎందుకంటే...’. ఉదాహరణకు, ‘గుండును, లాగే కోణాన్ని మార్చకుండా లోలకం పొడవును పెంచితే 20 డోలనాల సమయం పెరుగుతుంది, ఎందుకంటే అదే కోణానికి గుండు నడవవలసిన దారి పెరుగుతుంది.’ ఇందులో మార్చేది ఉంది, కొలిచేది ఉంది, కదలకుండా ఉంచేవి ఉన్నాయి, దిశ ఉంది, కారణమూ ఉంది. దీని ఎదుట శూన్య పరికల్పనను కూడా రాయాలి: ‘పొడవు మార్చినా 20 డోలనాల సమయంలో మా కొలతకు అందే తేడా ఉండదు.’ ప్రయోగం ఈ రెండింటి మధ్య తీర్పు చెబుతుంది.

పై తరగతుల పిల్లలు ఇక్కడితో ఆగకూడదు. పెరుగుతుంది అన్నారు సరే, ఎంత పెరుగుతుంది? ‘పొడవు ఎన్ని రెట్లయితే సమయమూ అన్ని రెట్లవుతుంది’ అన్నది మామూలుగా ఎవరికైనా తోచే ఊహ. ‘సమయం పొడవు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది’ అన్నది పుస్తకం చెప్పే మాట. ఈ రెండింటినీ విడదీయాలంటే ఏ పొడవులు ఎంచుకోవాలో ముందే ఆలోచించాలి. 90 సెంటీమీటర్లకూ మీటరుకూ కొలిచి కూర్చుంటే రెండు ఊహలూ దగ్గరదగ్గరగానే కనబడతాయి. 25 సెంటీమీటర్లకు ఒకసారి, దానికి నాలుగు రెట్లయిన మీటరుకు ఒకసారి కొలవండి. చిన్న లోలకానికి 20 డోలనాలకు సుమారు 20.1 సెకన్లు పడుతుంది. మొదటి ఊహ నిజమైతే మీటరు లోలకానికి 80 సెకన్లు పట్టాలి, రెండోది నిజమైతే 40 సెకన్లు, శూన్య పరికల్పన నిజమైతే మళ్లీ 20 సెకన్లే. ఈ మూడు అంకెలనూ గుండు వదలకముందే కాగితం మీద రాసి, తేదీ వేయాలి. గడియారం 40.2 దగ్గర ఆగినప్పుడు పిల్లల ముఖాల్లో కనబడే వెలుగు, సూత్రాన్ని వందసార్లు బట్టీపట్టించినా రాదు.

బరువు గురించిన పరికల్పన మరింత ఆసక్తికరమైనది, ఎందుకంటే అక్కడ పిల్లల ఊహలు రెండు వైపులా చీలుతాయి. బరువైనది త్వరగా కిందికి వస్తుంది కాబట్టి తొందరగా ఊగుతుందని కొందరంటారు, బరువైనదాన్ని కదిలించడం కష్టం కాబట్టి నిదానంగా ఊగుతుందని కొందరంటారు. రెండు కారణాలూ నిజాన్ని చెరొక చివర పట్టుకున్నాయి. ద్రవ్యరాశి రెట్టింపైతే గుండును లాగే బలం రెట్టింపవుతుంది, ఆ గుండును కదిలించడానికి కావలసిన బలమూ రెట్టింపే అవుతుంది, అందువల్ల కదలికలో తేడా మిగలదు. ఈ సంగతిని పెద్దలు ముందే చెప్పేయవద్దు. ఎవరి పరికల్పన వారిని వారి కారణంతో సహా రాయనివ్వండి. తప్పిన పరికల్పనకు మార్కులు తగ్గించే పద్ధతి ఎక్కడ ఉన్నా అది పిల్లలకు దొంగ రీడింగులు రాయడమే నేర్పుతుందని నా గట్టి అభిప్రాయం.

చాటున మారే చలరాశి

పెరంబూరులోని మా ఇంట్లో, తొమ్మిదో తరగతి చదివే మా చెల్లెలి కూతురు ఒక ఆదివారం బరువు మీద ఈ ప్రయోగం చేసింది. గుమ్మానికి దారం కట్టి, చివర ఒక ఇనప నట్టు వేలాడదీసింది. పై బిందువు నుంచి నట్టు మధ్యకు 51 సెంటీమీటర్లు. 20 డోలనాలకు 28.7 సెకన్లు వచ్చింది. తర్వాత ఆ నట్టు కింద మరో రెండు నట్లు ఒకదాని కింద ఒకటి ముడివేసింది, 29.5 వచ్చింది. అయిదు నట్లు కట్టింది, 30.4 వచ్చింది. ‘పెద్దమ్మా, పుస్తకంలో తప్పు రాశారు, బరువు పెరిగే కొద్దీ ఆలస్యమవుతోంది చూడు’ అంటూ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అంకెలు శుభ్రంగా ఉన్నాయి, వరుసగా పెరుగుతున్నాయి, ఒక్కొక్కటి మూడేసి సార్లు కొలిచింది. అందులో అబద్ధమేమీ లేదు.

నేను ఏమీ చెప్పకుండా స్కేలు ఆమె చేతికిచ్చి, మూడు విడతల్లోనూ నట్ల గుంపు మధ్యభాగం పైనుంచి ఎంత దూరంలో ఉందో కొలవమన్నాను. ఒక నట్టుకు 51, మూడింటికి 54, అయిదింటికి 57 వచ్చాయి. కాసేపు ఆ మూడు అంకెలనూ చూస్తూ నిలబడింది. తర్వాత తనే వెళ్లి నట్లన్నింటినీ విప్పి, ఒకే ముడిలోకి పక్కపక్కనే వచ్చేలా గుత్తిగా కట్టి, గుత్తి మధ్యభాగం మళ్లీ 51 దగ్గరికి తెచ్చుకుంది. మూడింటికీ 28.7కు సెకనులో పదో వంతు అటూ ఇటూగా వచ్చింది. నియంత్రిత చలరాశి అంటే ఏమిటో ఆమెకు ఆ పూట అర్థమైనంతగా ఏ నిర్వచనంతోనూ అర్థమయ్యేది కాదని నాకనిపించింది.

అందుకే నియంత్రిత చలరాశుల గడిలో పేరు రాసి ఊరుకోకూడదు, దాన్ని ఎలా కాపాడామో, మారలేదని ఎలా తెలుసుకున్నామో పక్కన రాయాలి. ‘పొడవు స్థిరం’ అని రాస్తే చాలదు. ‘ప్రతి గుండు మార్చిన తర్వాత గుండు మధ్యభాగం వరకు మళ్లీ కొలిచి 51 సెంటీమీటర్లకు సరిచేశాం’ అని రాయాలి. ఇనప గుండుకు బదులు పెద్ద చెక్క గుండు కడితే బరువుతో పాటు వ్యాసార్ధమూ మారుతుంది. బంతిలో సగం వరకు ఇసుక పోస్తే భారం అడుగుకు చేరి, బంతి మధ్యభాగం లెక్క పనికిరాకుండా పోతుంది. ఒకే పరిమాణం గల రెండు ప్లాస్టిక్ బంతులు తీసుకుని, ఒకదాన్ని నీటితో, మరొకదాన్ని ఇసుకతో నిండుగా నింపితే ఈ చిక్కులు చాలావరకు తీరతాయి.

కోణం: హద్దు చెప్పవలసిన పరికల్పన

ఎంత దూరం లాగి వదిలినా ఆవర్తన కాలం మారదని గెలీలియో నమ్మాడు. చిన్న ఊగులకు అది సరిపోతుంది, పెద్ద ఊగులకు సరిపోదు. 1656లో లోలక గడియారాన్ని రూపొందించిన క్రిస్టియాన్ హైగెన్స్, 1673లో వెలువరించిన గ్రంథంలో గుండు వృత్తపు చాపంలో ఊగితే పెద్ద ఊగుకు ఎక్కువ సమయం పడుతుందని, కచ్చితంగా సమాన కాలం కావాలంటే అది మరో వంపులో నడవాలని నిరూపించాడు. బండి చక్రం దొర్లుతున్నప్పుడు దాని అంచుమీది చుక్క గాలిలో గీసే దారిని తలకిందులు చేస్తే ఆ వంపు వస్తుంది.

లెక్క ప్రకారం నిలువు నుంచి 10 డిగ్రీలు లాగి వదిలితే ఆవర్తన కాలం 0.2 శాతం మాత్రమే పెరుగుతుంది. మీటరు లోలకపు 20 డోలనాల్లో అది సెకనులో పదో వంతు కూడా కాదు, మన చేతికి అందదు. 30 డిగ్రీలకు సుమారు 1.7 శాతం, 60 డిగ్రీలకు సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల పరికల్పనలో హద్దు చెప్పాలి: ‘10 డిగ్రీల లోపు కోణాన్ని మార్చినా మా కొలతకు అందే తేడా రాదు.’ మీటరు లోలకానికి 10 డిగ్రీలంటే పక్కకు 17 సెంటీమీటర్లు, నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోవచ్చు. పెద్ద కోణాన్ని పరీక్షించేటప్పుడు మాత్రం 20 డోలనాలు లెక్కపెట్టకండి, గాలి నిరోధం వల్ల ఊగు తగ్గిపోయి కోణం చేజారిపోతుంది. అయిదు డోలనాలతో ఆపి, పదిసార్లు కొలిచి సగటు తీయండి.

ఊరు కూడా ఒక చలరాశే

జాబితాలో ‘ఏ ఊళ్లో’ అని రాసిన పిల్ల తెలివైనది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పారిస్‌లో సరిచేసిన లోలక గడియారాన్ని దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకెళ్తే, అది రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. పొడవు అదే, గుండు అదే, మారినది ఊరు. భూమి పూర్తి గోళం కాదని, భూమధ్యరేఖ దగ్గర గురుత్వ త్వరణం తక్కువని న్యూటన్ వాదించినప్పుడు ఇది ఒక ముఖ్యమైన ఆధారమైంది.

ఈ కథలో చెన్నైకీ పాలుంది. నుంగంబాక్కంలో ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉన్న ఆవరణలో 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీ గ్రానైటు స్తంభం ఒకటి నిలిచి ఉంది, దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఉంది. ఆ అబ్జర్వేటరీలో 1821లో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళజ్ఞుడు సెకండ్ల లోలకం పొడవును, అంటే ఒక వైపు ఊగడానికి సరిగ్గా ఒక సెకను పట్టే లోలకం పొడవును కొలిచాడు. మద్రాసులో అది సుమారు 39.03 అంగుళాలు, అంటే 99.13 సెంటీమీటర్లు. లండన్‌లో హెన్రీ కేటర్ కొలిచినది సుమారు 39.14 అంగుళాలు. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. ఊరు ప్రభావాన్ని చూడాలంటే పొడవును ఎంత సూక్ష్మంగా కొలవాలో దీన్నిబట్టి పిల్లలు ఊహించుకోవచ్చు.

చెన్నై, బెంగళూరు రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల వచ్చే తేడా మూడో దశాంశ స్థానంలోనే ఉంటుంది, రెండు చోట్లా 9.78 అని తీసుకోవచ్చు. బెంగళూరులోని అన్నకూ చెన్నైలోని చెల్లికీ వేరు వేరు విలువలు వస్తే కారణం ఊరు కాదు, దారమో లెక్కపెట్టడమో అయి ఉంటుంది.

తీర్పు చెప్పడం

ఏదీ మార్చకముందు ఒకే లోలకాన్ని అయిదుసార్లు కొలవాలి. మీటరు పొడవుకు మా ఇంట్లో 40.1, 40.3, 40.2, 40.0, 40.3 వచ్చాయి, సగటు 40.18. ఏమీ మార్చకుండానే 0.3 సెకన్ల తేడా వస్తోంది కాబట్టి, ఆ లోపల ఉన్న తేడాలను బరువుకో కోణానికో అంటగట్టకూడదన్నది మా నియమం. ఈ హద్దును ప్రయోగానికి ముందే రాసుకోవాలి, రీడింగులు చూశాక నచ్చినట్టు జరుపుకోకూడదు.

ముగింపు వాక్యంలో ‘బరువు ప్రభావం లేదని రుజువైంది’ అని రాయవద్దు. ‘51 సెంటీమీటర్ల పొడవుకు, ఒకటి నుంచి అయిదు నట్ల వరకు, 0.3 సెకన్లకు మించిన తేడా కనబడలేదు’ అని రాస్తే, అంతే చూశామని నిజాయితీగా చెప్పినట్టవుతుంది.

పొడవు ప్రయోగానికి మాత్రం గ్రాఫు తప్పక గీయాలి. అడ్డంగా పొడవును మీటర్లలో, నిలువుగా ఆవర్తన కాలపు వర్గాన్ని తీసుకోండి. 40, 60, 80, 100 సెంటీమీటర్లకు 20 డోలనాల సమయాలు సుమారు 25.4, 31.1, 35.9, 40.2 సెకన్లు రావాలి. వర్గమూలపు పరికల్పన నిజమైతే ఆ బిందువులు సరళరేఖ మీద పడతాయి, ఆ రేఖ వాలు సుమారు 4.04 వస్తుంది. 39.48ని, అంటే లోలకం సూత్రంలోని 4π² విలువను, ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది. రేఖ తిన్నగానే ఉండి మూలబిందువు గుండా పోకపోతే కంగారుపడి బిందువులను సర్దవద్దు. స్కేలు ఆనించి రేఖను కిందికి పొడిగించి, అడ్డ అక్షాన్ని సున్నాకు ఎడమ పక్కన ఎంత దూరంలో తాకుతోందో చూడండి. అది ఒకటిన్నర సెంటీమీటర్లు అయితే, గుండును మళ్లీ పుస్తకాల మధ్య బిగించి వ్యాసార్ధాన్ని, దానికి పైనున్న కొక్కెం ఎత్తును కొలవండి. కలపడం మరిచిపోయిన పొడవు అదే అయి ఉంటుంది.